అప్పు పారు

దరఖాస్తులో ఏడో గడి: ద్వీపం పేరు.

సేఠీ బాబు పెన్ను మూత పళ్ల మధ్య పెట్టుకుని
నా వైపు చూశాడు.
మాకు ద్వీపం లేదు.
బహుదా మొగ దగ్గర ఇసుక తిన్నె ఒకటి
కార్తీకంలో తేలుతుంది, ఆషాఢంలో పోతుంది.
దానికి పేరు పెట్టే తీరిక ఎవరికీ దొరకలేదు.

"దీవి ఉంటేనే డబ్బు" అన్నాడు ఒడియాలో,
"దీవి, లేదా పగడాల దిబ్బ.
నిధి ఎక్కడిదో. వాళ్ల గడులు వాళ్లవి."

ఒడియా బళ్లో ఏడు దాకా చదివాను.
తెలుగు మాట్లాడతాను, ఒడియా అక్షరాల్లో రాస్తాను.
నా బాకీల పుస్తకంలో
కవ్వళ్లు, కానాగంతలు, వంజరాలు
తలకి గుండ్రటి పాగాలు చుట్టుకుని నిలబడతాయి.
సంఘం రాతపని అందుకే నా మీద పడింది.

"పారు ఉంది" అన్నాను.
"ఎక్కడ?"
"నీళ్ల కింద."

మా మామ సూరాడ ఎర్రయ్యకి ఇప్పుడు చూపు ఆనదు.
అయినా పడవ తీసుకెళ్లి దాని నెత్తిన నిలబెడతాడు.
ఒడ్డు వైపు తిరిగి పక్కవాణ్ణి అడుగుతాడు,
పెద్దాయన ఎడమ భుజం జీడితోట కొనకి ఆనిందా,
ఉప్పు కొటారు రేకు తెడ్డు వెడల్పు బయటపడిందా.
పెద్దాయనంటే మహేంద్రగిరి.
ఆనిందంటే గుండు దించమంటాడు.
పద్నాలుగు బారలు.
గుండు అడుగున పూసిన మైనానికి
ఇసుక అంటదు,
ఎర్రటి పొడి అంటుకొస్తుంది.

అప్పు పారు అంటాం దాన్ని.
తాబేళ్లు ఒడ్డెక్కే నెలల్లో వలలు ఎండేసి కూర్చున్నాక,
ఇంట్లో బియ్యం డబ్బా మోగడం మొదలయ్యాక
గాలం మాత్రం పట్టుకుని అక్కడికి పోతాం.
వల వెయ్యకూడదు. అది అప్పు.
గంగమ్మ పండక్కి ముందు తీర్చెయ్యాలి:
పడవకో రాయి, రాయికి రెండు తాటిమట్టలు కట్టి
మెల్లగా, విసరకుండా, దించాలి.

రాళ్లు మా ఇసుకలో దొరకవు.
ఇచ్ఛాపురం అవతల నుంచి ఆటోలో తెస్తాం.
చెక్‌పోస్టులో ఒకసారి ఆపి
ఇల్లు కడుతున్నారా అని అడిగారు.
అవునన్నాడు మామ.

తొమ్మిదో గడి: మీ వాటా ఎంత శాతం?
ఆ రాత్రి మామని అడిగాను.
వేళ్లు మడిచాడు. పడవలు అరవై,
వాళ్ల నాన్న కాలంలో తెప్పలు నలభై,
అంతకు ముందు...
మళ్లీ వేళ్లన్నీ విప్పేశాడు.
"ముందు ఆళ్ల వాటా ఎంతో అడుగే."

పదకొండో గడి దగ్గర మాత్రం నవ్వలేదు.
అక్షాంశం, రేఖాంశం.
కుర్రాళ్ల ఫోన్లలో అంకెలు నిమిషంలో దొరుకుతాయి.
"ఆ అంకెలు కాయితం ఎక్కితే
తెల్లారేసరికి ట్రాలర్లు వస్తాయి.
అప్పిచ్చినోడి ఇల్లు దొంగకి సూపిస్తావేటి?"

నలభై లక్షలు.
సిమెంటు గుళ్లు దించుతారట, చేపలకి ఇళ్లు.
మా దాలమ్మ కొడుకు బోటు ఇంజను మూడేళ్లుగా తాకట్టులో ఉంది.
నలభై లక్షలు నాకూ తెలుసు.

పొద్దున్న సేఠీ బాబు టేబులు మీద
పదకొండో గడి నింపాను.
పెద్దాయన ఎడమ భుజం. జీడితోట కొన.
కొటారు రేకు, తెడ్డు వెడల్పు.
తెలుగు మాటలు, ఒడియా రాత.

ఆయన గట్టిగా చదివాడు.
ఒక్క అక్షరం తప్పు పోలేదు.
మా గుర్తులన్నీ ఆయన నోట్లోంచి వరసగా వచ్చాయి.
"ఏమిటిది?"
"చోటు పేరు" అన్నాను.
"ఇంత పొడుగా?"
"పాత పేరు."

స్టాంపు వేశాడు.

భువనేశ్వర్ నుంచి ఇంకా ఏమీ రాలేదు.
ఈ ఏడు ఆటో కిరాయి వంద పెరిగింది.
నేను మోసిన రాయికి ఒక పక్క నాచు ఉంది,
ఏ వాగులోదో.
ఆ పక్క పైకి ఉండేట్టు కట్టమన్నాడు మామ,
ఎందుకో చెప్పలేదు.